అదే పొడి, వేరే మట్టి

మేమిద్దరం అక్కాతమ్ముళ్లం. ఒకరు పదో తరగతి, ఒకరు ఎనిమిదో తరగతి. నాన్న వాయుసేనలో పనిచేస్తారు కాబట్టి ఇప్పటికి ఐదు ఊళ్లు, ఐదు స్కూళ్లు మారాం. మా ఇద్దరికీ కలిపి ఒక నోటు పుస్తకం ఉంది. దాని అట్ట మీద 'బీకానేర్' అని రాసి, కొట్టేసి, కింద 'జోర్హాట్' అని రాసి ఉంటుంది. ఆ పుస్తకంలో ఒక పేజీని మేము కావాలనే ఖాళీగా వదిలేశాం. ఈ వ్యాసం ఆ పేజీ గురించి.

కిందటేడు నవంబరులో బీకానేర్‌లో సైన్సు ప్రదర్శన వచ్చింది. అందరూ అగ్నిపర్వతాలు, సౌర కుక్కర్లు చేస్తున్నారు. మేము వేరేది చేయాలనుకున్నాం. కెమిస్ట్రీ సర్‌ను అడిగితే, ఆయన అలమర తెరిచి మందు సీసా అంత చిన్న గాజు సీసా చూపించారు. అందులో మైదాపిండిలా తెల్లటి పొడి. సీసా మీద 'జింకు ఆక్సైడ్, 30 నానోమీటర్లు' అని రాసి ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఆయన పాత విద్యార్థి ఒకరు ఇచ్చారట.

"ఇది మీకు కొత్తదేం కాదు. క్రికెట్ ఆటగాళ్లు ముక్కుకి తెల్లగా పూసుకుంటారే, ఆ క్రీములో ఉండేది జింకు ఆక్సైడే. కాకపోతే ఇది మరీ సన్నం," అన్నారు సర్.

ఎంత సన్నం? ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం ఒక నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. అంటే ఆ పొడి రేణువులను పక్కపక్కన పేర్చితే ఒక వెంట్రుక అడ్డానికి రెండు వేలకు పైగా పడతాయి. అంత సన్నమైతే ఏమవుతుందో అమ్మ వంటింట్లోనే చూశాం. పటికబెల్లం ముక్క పాలలో వేస్తే ఎంతో సేపటికి గానీ కరగదు. అదే బరువు పంచదార పొడి వేస్తే వెంటనే కరిగిపోతుంది. ముక్క చిన్నదయ్యే కొద్దీ పాలకు తగిలే పైభాగం పెరుగుతుంది. జింకు ఆక్సైడ్ కూడా అంతే. నీళ్లలో అది కరిగేది చాలా తక్కువ. కానీ రేణువు సన్నమైతే త్వరగా కరిగి, జింకు అయాన్లను విడుస్తుంది. మొక్క వేరు ముఖ్యంగా తీసుకునేది ఆ అయాన్లనే.

మొక్కకు జింకు ఎందుకంటారా? మనకు ఉప్పులాగా, అది కొంచెమే కావాలి, కానీ లేకపోతే కుదరదు. 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో డాక్టర్ వై. ఎల్. నేనే అనే శాస్త్రవేత్త వరిలో ఒక చిత్రమైన జబ్బును పరిశీలించారు. హిమాలయాల కింది తరాయి ప్రాంతంలో వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు పడి పైరు గిడసబారిపోయేది. రైతులు దాన్ని 'ఖైరా' అనేవారు. కారణం ఏ క్రిమీ కాదనీ, నేలలో జింకు లోపమనీ ఆయన తేల్చారు. అప్పటి నుంచి జింకు సల్ఫేటు మన రైతులకు తెలిసిన ఎరువైంది. హెక్టారుకు 25 కిలోలు వేయమని చాలా చోట్ల చెబుతారు. అంత వేసినా అందులో చాలా భాగం మట్టి పట్టేసుకుంటుంది. సన్నటి పొడిగా ఇస్తే తక్కువతో సరిపోతుందా అనేదే నానో ఎరువుల వెనుక ఉన్న ఆశ.

ప్రయోగం తేలికగానే ఉండింది. నాలుగు స్టీలు పళ్లాలు, ఒక్కోదానిలో తడిపిన పాత నూలుగుడ్డ, ఒక్కో గుడ్డ మీద 25 పెసలు. మొదటి పళ్లెంలో ఉత్త నీళ్లు. రెండోదానిలో లీటరుకు 20 మిల్లీగ్రాముల పొడి కలిపిన నీళ్లు. మూడోదానిలో 100. నాలుగోదానిలో 1000. పొడి ఊపిరితో లోపలికి పోకూడదని సర్ మమ్మల్ని దూరంగా నిలబెట్టి, మూతికి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని తానే తూచి కలిపారు.

ఐదో రోజు వేళ్లను దారంతో కొలిచి స్కేలు మీద పెట్టి రాసుకున్నాం. నీళ్ల పళ్లెంలో సగటున 4.8 సెంటీమీటర్లు. 20 పళ్లెంలో 5.6. 100 పళ్లెంలో 4.9. నాలుగో పళ్లెంలో కూడా గింజలు మిగతావాటిలాగే పగిలాయి, మొలక తల బయటపెట్టింది. కానీ వేరు మాత్రం 1.9 దగ్గరే ఆగిపోయింది. కొసలు గోధుమ రంగుకు తిరిగి, కాలిన అగ్గిపుల్లల్లా ఉన్నాయి.

అప్పటికే మా చార్టు తయారైపోయింది. పైన పెద్ద అక్షరాలతో 'నానో జింకు - రైతు నేస్తం' అని రాసి, తలపాగా కట్టుకుని నవ్వుతున్న రైతు బొమ్మ వేశాం. ఆ బొమ్మకు రంగులు వేయడానికే రెండు సాయంత్రాలు పట్టింది. నాలుగో పళ్లెం ఆ చార్టుకు సరిపోలేదు. మాలో ఎవరు ముందు అన్నారో ఇప్పుడు గుర్తు లేదు, ఇద్దరం అనుకున్నదే అది. నాలుగో పళ్లెం తీసేశాం. నోటు పుస్తకంలో దాని పేజీ ఖాళీగా వదిలేశాం. పళ్లెంలో నీళ్లను క్వార్టర్స్ ముందున్న తులసి కుండీలో పారబోశాం. సర్ "నాలుగోదేదీ?" అని అడిగితే, "బూజు పట్టింది సర్" అన్నాం. ఆయన మమ్మల్ని ఒక్క క్షణం చూసి ఊరుకున్నారు.

మాకు బహుమతి వచ్చింది. కానీ న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నారు. "బాగా చేశారు పిల్లలూ. ఇదంతా తడిగుడ్డ మీద చేశారు. పొలంలో తడిగుడ్డ ఉండదు కదా. మట్టిలో చేసి చూశారా?"

లేదన్నాం. ఆ సాయంత్రం బహుమతి సంబరంలో ఆ మాట మర్చిపోయాం.

మా తాత అనంతపురం జిల్లాలో చెనిక్కాయలు పండిస్తాడు. ఆయనకు ఫోన్ చేసి బహుమతి గురించి చెప్పాం. ఆయన శ్రద్ధగా విని, చివర్లో అడిగాడు. "మా పక్కూర్లో అంగట్లో నానో జింకు అని సీసాలు అమ్ముతా ఉండారు. మీరు సదువుకున్నోళ్లు గదా, చెప్పండి. ముందు కారుకు తెచ్చి యెయ్యమంటారా, వద్దా?"

"వెయ్యి తాతా," అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఫోన్ పెట్టేశాక మాలో చిన్నవాడికి అన్నం సరిగా సయించలేదు. పెద్దది మాత్రం ఆ రాత్రి నిద్రపోయిందనే చెప్పాలి. ఆమెకు నిద్ర పట్టకపోవడం తర్వాత మొదలైంది.

మార్చిలో నాన్నకు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది. జోర్హాట్, అస్సాం. ఆర్డర్ వచ్చిన రోజు ఇల్లు ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. అమ్మ అట్టపెట్టెలు లెక్కపెడుతుంది, నాన్న టీసీల గురించి అడుగుతారు, మనం మాత్రం ఎవరెవరికి చెప్పాలో తలుచుకుంటాం. మేము సర్‌కు చెప్పడానికి వెళ్లాం. ఆయన బల్ల సొరుగులోంచి ఒక కవరు తీశారు. అందులో మందుల పొట్లాల్లా మడిచిన కాగితాలు, ఒక్కోదాని మీద అంకెలు. కొన్నింటిలో ఆ నానో పొడి, కొన్నింటిలో మామూలు జింకు ఆక్సైడ్. అన్నీ తూచి పెట్టారు.

"అక్కడి మట్టి వేరు. ఇక్కడి మట్టి కూడా కొంచెం తీసుకెళ్లండి. రెండింట్లోనూ చేసి చూడండి. కలిపేటప్పుడు అక్కడి సైన్సు టీచర్ పక్కనుండాలి," అన్నారు. మేము తలుపు దాకా వచ్చాక మళ్లీ పిలిచి, "ఈసారి అన్ని కప్పులూ రాయండి," అన్నారు.

అంటే ఆయనకు అప్పుడే తెలుసన్నమాట. మేము ఏమీ అనలేక నమస్కారం పెట్టి వచ్చేశాం.

మూడు కిలోల బీకానేర్ మట్టిని పాత పిండి సంచిలో పోసి మూతి కుట్టాం. అమ్మ చూసి, "గిన్నెలకే చోటు లేదంటే ఇసుక మోసుకెళ్తారా?" అంది. తర్వాత ఆమే ఆ సంచిని రుబ్బురోలు ఉన్న పెట్టెలో సర్దింది. ఢిల్లీలో రైలు మారి, మరియానీ జంక్షన్‌లో దిగేదాకా ఆ పెట్టె మా కాళ్ల కిందే ఉంది. బీకానేర్ నుంచి బయలుదేరినప్పుడు కిటికీ బయట అంతా పసుపు రంగు. దిగేటప్పటికి అంతా ఆకుపచ్చ. అప్పుడే అనిపించింది, ఇంత తేడా ఉన్న రెండు నేలలు ఒకే పొడికి ఒకే జవాబు చెబుతాయా అని.

జోర్హాట్‌లో కొత్త స్కూలు సైన్సు మేడమ్‌కు మా పొట్లాలు చూపించాం. ఆమె ముందు మట్టితో మాట్లాడమన్నారు. అంటే పరీక్షించమని. బీకానేర్ మట్టి చెంచాడు తీసి వెనిగర్ చుక్కలు వేస్తే సోడా పొంగినట్టు బుసబుసమంది. అందులో సున్నం ఉంది. క్వార్టర్స్ వెనక తవ్విన జోర్హాట్ మట్టి మీద అదే వెనిగర్ వేస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. పీహెచ్ కాగితంతో చూస్తే బీకానేర్ మట్టి 8కీ 9కీ మధ్య, అంటే క్షారం. జోర్హాట్ మట్టి 5 దగ్గర, అంటే ఆమ్లం. ఇక్కడ టీ తోటలు ఇంత బాగా పెరగడానికి ఒక కారణం అదేనట. టీ మొక్కకు ఆమ్ల నేల ఇష్టం. 1911 నుంచి టీ మీద పరిశోధనలు జరుగుతున్న టోక్లాయి కేంద్రం ఈ ఊళ్లోనే ఉంది.

అడుగున చిల్లులు పెట్టిన 24 కప్పులు. పన్నెండింటిలో బీకానేర్ మట్టి, పన్నెండింటిలో జోర్హాట్ మట్టి, ఒక్కోదానిలో 200 గ్రాములు. ప్రతి మట్టిలోనూ మూడు కప్పులకు ఏమీ కలపలేదు. మూడింటికి కిలో మట్టికి 50 మిల్లీగ్రాముల లెక్కన నానో పొడి. మూడింటికి కిలోకు 1000 మిల్లీగ్రాముల లెక్కన నానో పొడి. చివరి మూడింటికి అంతే బరువు మామూలు జింకు ఆక్సైడ్. రైతు ఎవరూ కిలో మట్టికి 1000 వేయడు, అది మాకు తెలుసు. ఎక్కువైతే ఏమవుతుందో చూడటానికే ఆ కప్పులు. మేడమ్ కలిపారు, మేము పెసలు వేసి, వరండాలో వరుసగా పెట్టాం.

ఏప్రిల్‌లో ఇక్కడ సాయంత్రాలు ఉన్నట్టుండి గాలివాన వస్తుంది. దాన్ని ఇక్కడివాళ్లు బొర్దోయిసిలా అంటారు. ఒక రోజు అది వచ్చి ఒక కప్పును వరండా మెట్ల మీంచి తోసేసింది. పాత మేమైతే ఇంకో కప్పు తెచ్చి పెట్టేసేవాళ్లం. ఈసారి 'ఏప్రిల్ 19, జోర్హాట్ మట్టి, ఏమీ కలపనిది, ఒకటి గాలికి పోయింది' అని రాసి, మిగిలిన 23తోనే నడిపించాం.

ముప్పై రోజులు అయ్యాక కొలిచాం. బీకానేర్ మట్టిలో ఏమీ కలపని మొక్కలు సగటున 17 సెంటీమీటర్లు, 50 వేసినవి 18, 1000 నానో వేసినవి 16, మామూలు పొడి వేసినవి 17. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయి. 50 వేసినవాటి ఆకులు కాస్త ముదురు పచ్చగా ఉన్నాయేమో, అంతే.

జోర్హాట్ మట్టిలో ఏమీ కలపనివి 19. 50 వేసినవి కూడా 19. 1000 నానో వేసినవి 8. మామూలు పొడి వేసినవి 9. కొత్తగా వచ్చిన చిగురాకులు పసుపుపచ్చగా ఉన్నాయి, ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా కనిపించాయి. అది ఇనుము అందని మొక్క లక్షణమని మేడమ్ చెప్పారు. జింకు మరీ ఎక్కువైతే మొక్క ఇనుమును సరిగా తీసుకోలేదు.

తర్వాత మట్టిని నీళ్లలో మెల్లగా కడిగి వేళ్లు చూశాం. పెసర వేళ్లకు ఆవగింజల్లాంటి చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు వండి పెడుతుంది. పెసర, కంది, చెనిక్కాయ లాంటి పైర్లకు నత్రజని ఎరువు అంతగా అక్కర్లేనిది అందుకే. జోర్హాట్ మట్టిలో ఏమీ కలపని మొక్కకు సగటున పదకొండు బుడిపెలు ఉన్నాయి. 1000 నానో వేసిన మొక్కలకు ఒకటో రెండో. కొన్నింటికి ఒక్కటీ లేదు.

అదే పొడి. అదే పొట్లాల కట్ట. అవే గింజలు. మారింది మట్టి ఒక్కటే.

మేడమ్ దగ్గర కూర్చుని కారణం అర్థం చేసుకున్నాం. ఆమ్లంలో జింకు ఆక్సైడ్ త్వరగా కరుగుతుంది. అందుకే జోర్హాట్ మట్టిలో జింకు అయాన్లు ఒక్కసారిగా వేళ్ల చుట్టూ చేరిపోయాయి. క్షార నేలలో అది నిదానంగా కరుగుతుంది, కరిగిన దాన్ని కూడా సున్నం పట్టుకుని కదలనివ్వదు. తడిగుడ్డలో పట్టుకునేవాళ్లే లేరు కాబట్టి నాలుగో పళ్లెం వేళ్లు అలా మాడిపోయాయి. మట్టి అంటే మొక్క నిలబడే చోటు మాత్రమే కాదు. మనం వేసిన దానిలో ఎంత మొక్కకు అందాలో, ఎంత దాచాలో నిర్ణయించేది కూడా అదే.

ఇంకో సంగతి మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది. జోర్హాట్ మట్టిలో మామూలు జింకు ఆక్సైడ్ కూడా దాదాపు నానో అంత నష్టమూ చేసింది. చివరికి రెండూ కరిగి జింకే అవుతాయి కదా. 'నానో' అనే మాటలో మంత్రం లేదు, భూతమూ లేదు.

ఇవి మూడేసి కప్పులతో ఇద్దరు పిల్లలు చేసిన కొలతలు. అందుకే పెద్దవాళ్లు చేసిన ప్రయోగాల గురించి మేడమ్ సాయంతో చదివాం. 2007లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ముల్లంగి, మొక్కజొన్న, దోస వంటి ఆరు రకాల గింజలతో పరీక్షిస్తే, లీటరుకు 2000 మిల్లీగ్రాముల నానో జింకు ఆక్సైడ్ దగ్గర వేళ్ల పెరుగుదల దాదాపు ఆగిపోయింది. మా నాలుగో పళ్లెంలో కనిపించింది ఇదే! మేము దాచిపెట్టినది సిగ్గుపడాల్సిన తప్పు ఫలితం కాదు, శాస్త్రవేత్తలు ప్రపంచానికి చెప్పిన ఫలితం. 2011లో ఐఐటీ బాంబే వాళ్లు అగర్ జెల్లీలో మొలకలు పెంచి చూస్తే, పెసరకు 20 పీపీఎం దగ్గర, శనగకు 1 పీపీఎం దగ్గరే మంచి పెరుగుదల కనిపించింది, అంతకు మించితే తగ్గింది. పైరు పైరుకీ కొలత వేరు.

2012లో కాలిఫోర్నియాలోని సాంటా బార్బరా శాస్త్రవేత్తలు నానో పొడులు కలిపిన మట్టిలో సోయాబీన్‌ను కోత దాకా పెంచారు. జింకు ఆక్సైడ్ వేసినప్పుడు జింకు ఆకుల్లోకీ గింజల్లోకీ చేరింది. సీరియం ఆక్సైడ్ అనే మరో పొడి ఎక్కువ మోతాదులో వేసినప్పుడు వేరు బుడిపెలు నత్రజనిని పట్టడం బాగా తగ్గిపోయింది.

అదే ఏడాది మన తిరుపతి నుంచి వచ్చిన ఒక పరిశోధన కూడా అచ్చయింది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వేరుశనగ మీద చేసినది. గింజలకు 1000 పీపీఎం నానో జింకు ఆక్సైడ్ పట్టిస్తే మొలక బాగా వచ్చింది, 2000 అయితే దెబ్బతింది. పొలంలో ఆకుల మీద పిచికారీ చేసినప్పుడు, మామూలుగా వాడే జింకు మందు కన్నా 15 రెట్లు తక్కువ మోతాదుతోనే రెండు సీజన్లలో 29.5 శాతం, 26.3 శాతం ఎక్కువ కాయ దిగుబడి వచ్చింది. తాత వేసే పంటే అది. అంటే మేము తాతకు చెప్పిన "వెయ్యి" తప్పు జవాబేమీ కాకపోవచ్చు. కానీ ఆ మాట చెప్పినప్పుడు మాకు ఇవేవీ తెలియవు. తెలిసిన ఒక్క ప్రమాదాన్నీ దాచి చెప్పాం. ఇక్కడి నుంచే మాలో పెద్దదానికి నిద్ర పట్టడం మానేసింది.

మే నెలాఖరు వచ్చింది. జూన్, జూలైలో అక్కడ వాన పడగానే చెనిక్కాయ విత్తుతారు. మేము ఫోన్ తీసుకుని వరండాలో కూర్చున్నాం. ఎవరు మాట్లాడాలని కాసేపు వాదించుకుని, స్పీకర్ పెట్టాం.

"తాతా, జింకు సీసా కొన్నావా?"

"ఆ, మొన్ననే తెచ్చినా. ఎందుకు పాపా?"

చెప్పేశాం. నాలుగో పళ్లెం, బూజు అబద్ధం, ఖాళీ పేజీ, తులసి కుండీ, జోర్హాట్ కప్పులు, అన్నీ. సీసా చెడ్డదని కాదనీ, మా పొడి వేరు, ఆ సీసాలోది వేరనీ, నీ మట్టి ఎలాంటిదో తెలియకుండా మేము మాట్లాడటమే తప్పనీ చెప్పాం. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. వెనకాల అవ్వ గిన్నెలు తోముతున్న చప్పుడు మాత్రం వచ్చింది.

"ఆ రోజు నేనడిగింది మందు గురించి గాదురా," అన్నాడు తాత చివరికి. "మీ మాట మింద చేన్లో యెయ్యొచ్చునా అని అడిగినా."

మాకు నోట మాట రాలేదు. తాత కోప్పడి ఉంటే బాగుండేది.

తర్వాత ఆయనే అందుకున్నాడు. "సరే, ఇప్పుడన్నా చెప్పినారు గదా. ఏం జెయ్యాలో చెప్పండి మల్ల."

మట్టి పరీక్ష చేయించమని చెప్పాం. మాకు ఈ సంగతి బీకానేర్‌లోనే తెలుసు. సాయిల్ హెల్త్ కార్డు పథకాన్ని ప్రధానమంత్రి 2015 ఫిబ్రవరి 19న మొదలుపెట్టింది ఆ పక్క జిల్లాలోని సూరత్‌గఢ్‌లోనే. ఆ కార్డులో పన్నెండు అంశాలు ఉంటాయి. వాటిలో పీహెచ్ ఒకటి, జింకు ఒకటి. మొక్కకు అందే జింకు 0.6 పీపీఎం కన్నా తక్కువ ఉంటే సాధారణంగా లోపం కింద లెక్క. లోపం ఉంటేనే జింకు గురించి ఆలోచించాలి, లేకపోతే జింకు సల్ఫేటూ అక్కర్లేదు, నానో సీసా కూడా అక్కర్లేదు. వేయాల్సి వస్తే సీసా మీద రాసిన మోతాదు దాటకూడదు. ఎక్కువ వేస్తే ఎక్కువ పండుతుందనే లెక్క జింకుకు పనికిరాదు. కొత్త మందులకు పరీక్షలు ఉండాలనే 2020లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ నానో వ్యవసాయ ఉత్పత్తులను ఎలా అంచనా వేయాలో మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్దవాళ్లే అంత జాగ్రత్తగా ఉంటే, రంగు బొమ్మ వేసిన చార్టును నమ్ముకుని మేము చెప్పిన సలహా ఎంతటిది!

తాత చేనిలో ఐదు చోట్ల మట్టి తీసి, కలిపి, పరీక్షకు ఇచ్చాడు. ఎలా తీయాలో మేమే ఫోన్‌లో చెప్పాం, గట్టు పక్కన, ఎరువు కుప్ప దగ్గర తీయకూడదని కూడా. ఇది రాసే సమయానికి కార్డు ఇంకా రాలేదు. సీసా అటక మీద ఉంది. "కార్డు వచ్చినాకే దించేది," అన్నాడు తాత.

కప్పుల్లో మట్టిని ఈసారి కుండీల్లో పారబోయలేదు. మందపాటి సంచిలో కట్టి మేడమ్‌కు ఇచ్చాం. కలపని బీకానేర్ మట్టి మాత్రం కొంచెం మిగిలింది. దాన్ని ఒక సీసాలో పోసి కిటికీలో పెట్టుకున్నాం. పారేయబుద్ధి కాలేదు.

మన లాంటి పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. ఒక ఊళ్లో చేసిన పొరపాటును ఆ ఊళ్లోనే వదిలేసి రావచ్చు. కొత్త స్కూల్లో ఆ నాలుగో పళ్లెం సంగతి ఎవరికీ తెలియదు. మేము చెప్పకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ మాతో పాటు ఆ నోటు పుస్తకం కూడా రైలెక్కింది.

జూన్ మొదటి ఆదివారం ఆ ఖాళీ పేజీ తీసి రాశాం. 'నాలుగో పళ్లెం. లీటరుకు 1000 మిల్లీగ్రాములు. 25 గింజలు. వేరు సగటు 1.9 సెంటీమీటర్లు. కొసలు గోధుమ రంగు. బూజు పట్టలేదు.' ఆ పేజీని ఫోటో తీసి బీకానేర్ సర్‌కు పంపాం. మా బహుమతి పత్రాన్ని వెనక్కి ఇవ్వాలా అని కూడా అడిగాం.

మర్నాడు జవాబు వచ్చింది. 'పత్రం మీ దగ్గరే ఉంచండి. ఈ పేజీని వచ్చే ఏడాది పిల్లలకు చూపిస్తాను. మీరు చేసిన ప్రయోగంలో నాకు బాగా నచ్చింది ఇదే.'